మొద్దబ్బాయి కాదు!

నోటితో అడిగితే పాఠం గడగడా చెప్పేస్తాడు. అదే రాయమంటే అక్షరాలు తారుమారు... సగం ప్రశ్నలకు జవాబులే ఉండవు. 'ఆటల మీదున్న శ్రద్ధ చదువు మీద లేదు' అని నాన్న కోప్పడతారు. తొమ్మిదో తరగతికొచ్చేసరికి 'నేను మొద్దునే' అని పిల్లాడే నమ్మేస్తాడు. అసలు ప్రమాదం అదే!

ఇది డిస్లెక్సియా కావచ్చు. దీనికీ తెలివితేటలకూ సంబంధం లేదు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాలో ఇషాన్ సమస్య ఇదే. ఇలాంటి అభ్యసన వైకల్యాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది.

ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించండి. తర్వాత క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, చెబితే రాసిపెట్టే సహాయకుణ్ని కోరవచ్చు. దరఖాస్తు స్కూలు ద్వారానే వెళ్లాలి. కాబట్టి పరీక్షలు దగ్గరపడేదాకా ఆగొద్దు.

ఇంట్లో పాఠం మీరే చదివి వినిపించండి. కొంచెం కొంచెంగా తిరిగి చెప్పించండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి. తప్పు రాసినప్పుడు 'నీకు రాదులే' అనకుండా 'రా, ఇద్దరం చూద్దాం' అని పక్కన కూర్చోండి. పుస్తకమంటే భయం తగ్గడానికి అదే మొదటి మెట్టు.