స్టిక్కరు యంత్రము: కొనుటకు ముందు

పిల్లలున్న ఇంట కాగితమునకు విశ్రాంతి లేదు. పుస్తకముల అట్టలపై పేరు చీటీలు, బొమ్మల కొలువునకు వివరముల చీటీలు, శుభలేఖల కవర్లపై అతికించు పూల బొమ్మలు, ఒకటి ముగియకముందే మరియొకటి. ఇట్టి పనులకు స్టిక్కర్లు చేయునవి, ప్లాస్టిక్ పొర తొడుగునవి అగు చిన్న యంత్రములు ఈనాడు అంగళ్లలో లభించుచున్నవి. వానిని కొనదలచినవారు ముందుగా ఆలోచింపవలసిన సంగతులను కొన్నింటిని మనవి చేయుచున్నాము.

ఈ యంత్రములు రెండు తెగలు. మొదటిది చల్లని యంత్రము. చేతితో పిడి త్రిప్పెడి రకమునకు విద్యుత్తు అక్కరలేదు. లోని పెట్టెలో రెండు చుట్టలుండును. ఒకటి పారదర్శకమగు పొర. రెండవది జిగురు పూసిన కాగితము. చీటీని లోనికి అందించి పిడి త్రిప్పినచో, రోలర్ల ఒత్తిడికి జిగురు చీటీ వెనుకకు అంటుకొనును. పైపొర మీద వ్రేలితో గట్టిగా రుద్ది, పిదప దానిని ఒలిచినచో అంచుల వెలుపలి జిగురు పొరతో పోవును, స్టిక్కరు సిద్ధమగును. జిగురు చుట్టకు మారుగా లామినేషను చుట్టను అమర్చినచో ఆ యంత్రమే చీటీకి పొర తొడుగును.

రెండవది వేడి యంత్రము. ఇందు చీటీని ప్లాస్టిక్ పౌచ్‌లో ఉంచి పంపుదురు. పౌచ్ లోపలి జిగురు నూరు డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడికి కరగి కాగితమును బిగించును. ఇది దృఢముగా నుండును గాని స్టిక్కరు కాదు.

కొనునపుడు మొదట చూడవలసినది వెడల్పు. పేరు చీటీలకు 5 అంగుళముల యంత్రము చాలును. ఏ4 కాగితము వెడల్పు 210 మిల్లీమీటర్లు గనుక దానికి 9 అంగుళములది కావలెను. రెండవది చుట్టల లభ్యత. యంత్రమును ఒకమారే కొందుము; చుట్టలను మాటిమాటికి కొనవలెను. ఒక సంస్థ చుట్ట మరియొక సంస్థ యంత్రమున సాధారణముగా ఇమడదు. కనుక మీ ఊర అవి దొరకునా, వెల ఎంత అని ముందే విచారింపుడు. మూడవది జిగురు. శాశ్వతముగా నంటునది, తీసి మరల అంటింపదగినది అని రెండు విధములు కలవు.

వేడి యంత్రమైనచో పౌచ్ మందమును మైక్రాన్లలో చూడవలెను. చీటీలకు 125 చాలును. 250 అట్టవలె బిరుసుగా నుండును. కత్తిరించునపుడు కాగితము చుట్టును కనీసము 3 మిల్లీమీటర్ల అంచు విడువనిచో తేమ లోనికి చొచ్చును. మైనపు రంగులతో వేసిన బొమ్మలు వేడికి కరగును. ఏటీఎం రసీదులు నల్లబడును. ఇట్టివానికి చల్లని యంత్రమే మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. మా మిత్రులొకరు తమ తండ్రిగారి ఉత్తరమును భద్రపరచుటకై వేడి యంత్రమున పెట్టించిరి. మడతపడిన ఒక మూల అట్లే అతుకుకొనిపోయి, దాని క్రింది రెండు పంక్తులు నేటికిని చదువుటకు వీలులేకున్నవి. ఇది ఒక ఇంటి పొరపాటు మాత్రమే కాదు. అమెరికాలో విలియం బారో అను నిపుణుడు 1930లలో పాత పత్రములను సెల్యులోజ్ అసిటేట్ పొరల నడుమ వేడితో నొక్కు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను. అనేక గ్రంథాలయములు దానిని అనుసరించినవి. కాలక్రమమున ఆ పొరలే క్షీణించి ఆమ్లమును విడువజొచ్చినవి. అందుచే ఈనాటి సంరక్షకులు అమూల్య పత్రములకు లామినేషను వలదనుచున్నారు. కాగితమునకు జిగురు తగులనీయక, స్వచ్ఛమైన పాలియెస్టర్ కవరులో ఉంచుటయే క్షేమమని వారి సలహా.

కనుక యంత్రము ముందు నిలిచినపుడు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ కాగితము చెడినచో మరియొకటి చేసికొనగలమా? చేసికొనగలిగినచో సంతోషముగా పిడి త్రిప్పుడు. లేనిచో దానిని పెట్టెలోనే ఉండనిండు.