ఆత్మహత్యలు, మెదడులోని ప్రోటీన్లు: అపోహలు – వాస్తవాలు

ఎవరైనా ఆత్మహత్య చేసుకున్నారని తెలియగానే ఊళ్లో రెండు మాటలు వినబడతాయి. ఒకటి, ‘అంత కష్టం ఏమొచ్చింది?’ రెండోది, ‘ఉత్త పిరికివాడు.’ మొదటి మాటలో కనీసం బాధ ఉంది. రెండో మాట ఆ ఇంటివాళ్లను ఏళ్ల తరబడి తలెత్తుకోనివ్వదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఇలా చనిపోయారు. ఇంతమందిని ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం. అది తప్పు కూడా అని మెదడు పరిశోధనలు చెబుతున్నాయి.

‘మనోబలం లేకనే ఇలా చేస్తారు’

1976లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో మేరీ ఆస్‌బెర్గ్ బృందం డిప్రెషన్‌తో చేరిన రోగుల వెన్నులోని ద్రవాన్ని పరీక్షించింది. మెదడులో సెరటోనిన్ అనే సందేశ రసాయనం వాడకమయ్యాక మిగిలే ఒక పదార్థం ఎవరిలో తక్కువగా ఉందో, వాళ్లలోనే ఆత్మహత్యా ప్రయత్నాలు ఎక్కువగా కనిపించాయి. ఆ తర్వాత న్యూయార్క్‌లో విక్టోరియా అరాంగో, జాన్ మాన్ చనిపోయినవారి మెదళ్లనే పరిశీలించారు. నుదుటి వెనక, మెదడు ముందుభాగంలో అడుగున ఉండే ప్రాంతంలో సెరటోనిన్‌ను మోసే ప్రోటీన్ తగ్గి ఉందని గమనించారు. తొందరపాటును ఆపడంలో, మంచిచెడ్డలు బేరీజు వేయడంలో ఆ ప్రాంతానిది పెద్ద పాత్ర. 2003లో షికాగోలో యోగేశ్ ద్వివేది, ఘనశ్యామ్ పాండే బృందం బీడీఎన్ఎఫ్ అనే మరో ప్రోటీన్ మీద ఫలితాలు ప్రచురించింది. నాడీకణాలను బతికించి, వాటి మధ్య కొత్త లంకెలు ఏర్పడేలా చూసే ప్రోటీన్ ఇది. ఆత్మహత్య చేసుకున్నవారి మెదళ్లలో అది తగ్గింది. వాళ్లకు ఏ మానసిక వ్యాధి ఉందన్న దానితో నిమిత్తం లేకుండా తగ్గింది.

మనిషి తీర్పు చెప్పుకునే యంత్రాంగమే దెబ్బతిన్నప్పుడు ‘ధైర్యంగా ఉండు’ అన్న సలహా ఎంతవరకు పనిచేస్తుంది?

‘ప్రోటీన్లే కదా, గుడ్లూ పప్పూ పెడితే సరి’

పత్రికల్లో ‘మెదడు ప్రోటీన్లు’ అన్న మాట చూసి చాలామంది ఇలాగే అనుకుంటారు. మనం తిన్న ప్రోటీన్ కడుపులోనూ పేగుల్లోనూ అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటితో ఏ ప్రోటీన్‌ను ఎంత తయారు చేయాలో ప్రతి కణమూ తన జన్యువుల ఆదేశం ప్రకారం నిర్ణయించుకుంటుంది. మంచి తిండి అందరికీ అవసరమే. కానీ డబ్బాల్లో అమ్మే పొడులతో ఫలానా ప్రోటీన్‌ను మెదడులో పెంచలేం.

‘అది వాళ్ల వంశంలోనే ఉంది’

ఈ మాట వల్ల పెళ్లిసంబంధాలు తప్పిపోయిన ఇళ్లున్నాయి. వంశపారంపర్యం అసలే లేదనలేం. ఆత్మహత్యా ప్రవర్తనలో జన్యువుల వాటా దాదాపు 30 నుంచి 50 శాతం దాకా ఉండవచ్చని కవల పిల్లల అధ్యయనాలు అంచనా వేశాయి. అయితే ఆ వాటా ఏదో ఒక్క ‘ఆత్మహత్య జన్యువు’ది కాదు. ఎన్నో జన్యువులు, ఒక్కొక్కటి చాలా కొద్దిగా పాలుపంచుకుంటాయి. మిగతాదంతా బతుకు. ఆ బతుకు మెదడు లోపలికి ఎలా చేరుతుందో చూపిన పరిశోధన మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జరిగింది.

ముందు ఎలుకలతో మొదలుపెట్టారు. పిల్లలను బాగా నాకి సాకే తల్లుల దగ్గర పెరిగిన ఎలుకలు పెద్దయ్యాక ఒత్తిడి నుంచి త్వరగా తేరుకునేవి. నిర్లక్ష్యం చేసే తల్లి పిల్లను పుట్టగానే తెచ్చి, బాగా సాకే తల్లి దగ్గర వేస్తే అదీ అలాగే పెరిగేది. అంటే కన్నతల్లి నుంచి వచ్చిన జన్యువుల కంటే పెంపకం ఎక్కువ పనిచేసింది. మైకేల్ మీనీ, మోషే షిఫ్ బృందం దీన్ని 2004లో వివరించింది. కష్టం వచ్చినప్పుడు అడ్రినల్ గ్రంథులు ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిజాల్‌ను విడుదల చేస్తాయి. హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో దాన్ని పట్టుకునే గ్రాహకాలుంటాయి. అవీ ప్రోటీన్లే. ‘ఇక చాలు’ అన్న కబురు వెనక్కి వెళ్లేది వాటి ద్వారానే. నిర్లక్ష్యానికి గురైన ఎలుకల్లో ఆ గ్రాహకాలు తక్కువ. అవి తగ్గితే, బ్రేకులు అరిగిన బండిలా, ఒత్తిడి ఒక పట్టాన ఆగదు.

2009లో అదే విశ్వవిద్యాలయంలో పాట్రిక్ మెక్‌గోవన్, గుస్తావో టురెకీ తదితరులు మనుషుల మెదళ్లను చూశారు. చిన్నతనంలో హింసకు గురై ఆత్మహత్య చేసుకున్నవారు 12 మంది, అలాంటి గతం లేకుండా ఆత్మహత్య చేసుకున్నవారు 12 మంది, ఇతర కారణాలతో చనిపోయినవారు 12 మంది. కార్టిజాల్ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు మీద రసాయన ముద్రలు పెరిగి, గ్రాహకం తగ్గింది మొదటి గుంపులోనే. రెండో గుంపు మెదళ్లకూ మూడో గుంపు మెదళ్లకూ ఆ విషయంలో తేడా కనబడలేదు. ఎప్పుడో బాల్యంలో తగిలిన దెబ్బ పెద్దయ్యాక కూడా జన్యువు మీద అలాగే ఉండిపోయిందన్నమాట. 36 మెదళ్ల అధ్యయనం చిన్నదే. అయినా ‘పిల్లలన్నాక దెబ్బలు తినరా’ అనే పెద్దలందరూ తెలుసుకోవలసిన ఫలితం ఇది. ఇంకో సంగతీ చెప్పాలి. ఎలుకల్లో ఇలాంటి ముద్రలను పెద్దయ్యాక కూడా మందుతో మార్చగలిగారు. బాల్యంలో హింస చూసినవారిలో అత్యధికులు ఆత్మహత్య వైపు వెళ్లరు కూడా. కాబట్టి దీన్ని తలరాతగా చదవకూడదు.

‘రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో ముందే చెప్పేయొచ్చు’

ఈ రోజుకు అలాంటి పరీక్ష లేదు. ఉందని ఎవరైనా డబ్బు తీసుకుంటే నమ్మవద్దు. మెదడు ప్రోటీన్లను నేరుగా కొలిచేది ఎక్కువగా చనిపోయాకే. వాడిన మందులు, మద్యం, మరణానికీ మెదడు సేకరణకూ మధ్య గడిచిన గంటలు, అన్నీ కొలతల్ని మారుస్తాయి. తగ్గిన ప్రోటీన్ కారణమా, ఏళ్ల తరబడి పడిన వేదనకు ఫలితమా అన్నది విడదీయడం కష్టం. 50 ఏళ్ల పరిశోధనల్ని, 365 అధ్యయనాల్ని కలిపి 2017లో విశ్లేషిస్తే, తెలిసిన ప్రమాద సూచికల్లో ఏదీ ఒంటరిగా గుడ్డి అంచనా కంటే పెద్దగా మెరుగు కాదని తేలింది. అందుకే డాక్టరు మాట్లాడే అరగంట విలువ ఇప్పటికీ తగ్గలేదు.

‘పోయినవాళ్ల మెదడు తీసుకుని ఏం చేస్తారు?’

ఈ ప్రశ్నలో భయం ఉంది, అర్థం చేసుకోదగ్గదే. మన దగ్గర బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు నడుస్తోంది. కుటుంబం ఒప్పుకుంటేనే మెదడు తీసుకుంటారు. పోస్టుమార్టంలో తల ఎలాగూ తెరుస్తారు; మెదడు తీసుకోవడం వల్ల ముఖం చెదరదు, అంత్యక్రియలకు ఆటంకం ఉండదు. విదేశీ బ్యాంకుల్లో మరో పని కూడా చేస్తారు. కుటుంబసభ్యులతో గంటల తరబడి మాట్లాడి, ఆ మనిషి బాల్యం, జబ్బులు, చివరి నెలలు రాసుకుంటారు. మాంట్రియల్ పరిశోధకులకు ఎవరి బాల్యం ఎలాంటిదో తెలిసింది అలాగే. పుట్టెడు దుఃఖంలో ఉండి కూడా ఆ ప్రశ్నలకు జవాబులిచ్చిన తల్లిదండ్రులు లేకపోతే, పైన చెప్పుకున్న ఫలితం లేదు.

‘ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే’

పుట్టదు. అమెరికాలో హైస్కూలు విద్యార్థులను రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగి చూశారు. 2005లో వచ్చిన ఫలితం ప్రకారం అడిగిన గుంపులో ఆ ఆలోచనలు పెరగలేదు. డిప్రెషన్ ఉన్న పిల్లల్లో బాధ కాస్త తగ్గిన సూచనలు కూడా కనిపించాయి. ఇంటర్ ఫలితాలొచ్చే రోజుల్లో మన ఇళ్లలో ‘మార్కుల సంగతి తర్వాత, నీకు చనిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని అడగడానికి జంకనక్కర్లేదు.

ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని పోలీసు కేసవుతుందని ఆస్పత్రికి తీసుకెళ్లకుండా దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309 సెక్షన్ లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఎప్పుడైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మన ఇంట్లో ఒకరి గురించి బెంగగా ఉన్నా, ఏం చేయాలో అడగడానికి అదే నంబరుకు ఫోన్ చేయవచ్చు.