మలుపులో కారును పట్టి ఉంచేదెవరు?

పిల్లలూ! గంటకు 325 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగల కారు ఒకటి ఉందనుకోండి. పెద్దయ్యాక దాన్ని నడిపే అవకాశం మీకు వచ్చింది. ఎదుట పందేల కోసం వేసిన నున్నటి బాట. అడ్డం వచ్చే గేదె లేదు, సైకిలు లేదు, ఎదురుగా వచ్చే బస్సు లేదు. అయినా మొదటి మలుపు ఇంకా దూరాన ఉండగానే, పక్కన కూర్చున్న శిక్షకుడు "బ్రేకు! గట్టిగా!" అంటాడు. వేగం 90కి దిగితేగాని స్టీరింగు తిప్పనివ్వడు. అంత ఖరీదైన కారు, అంత బలమైన ఇంజను ఉండి కూడా ఒక చిన్న మలుపు దగ్గర ఎందుకు తగ్గాలి? దీనికి జవాబు ఇంజనులో లేదు. అది నేలను తాకే రబ్బరులో ఉంది. ఎలాగో చూద్దాం.

విమానాల మైదానం పందెం బాట అయింది

ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ అనే ఊరుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, అక్కడ బాంబర్ విమానాల స్థావరం ఏర్పడింది. యుద్ధం ముగిశాక రన్‌వేలు, వాటి చుట్టూ ఉన్న రోడ్డు ఖాళీగా మిగిలాయి. 1948లో వాటిమీద కార్ల పందెం జరిగింది. 1950 మే 13న ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మొట్టమొదటి పందెం జరిగింది కూడా అక్కడే. ఇటలీ దేశస్థుడు జుసెప్పె ఫరీనా ఆల్ఫా రోమియో కారులో గెలిచాడు. నేటి బాట పొడవు 5.891 కిలోమీటర్లు. అందులో ఒక తిన్నని భాగానికి 'హ్యాంగర్ స్ట్రెయిట్' అని పేరు. హ్యాంగర్ అంటే విమానాలను ఉంచే పెద్ద షెడ్డు. పాత మైదానం ఆ పేరులో ఇంకా మిగిలి ఉందన్నమాట.

ఇలాంటి బాటలమీద, ఫెరారీ, లాంబోర్గినీ వంటి కార్లను కొనలేనివారు కూడా రుసుము చెల్లించి కొన్ని చుట్లు నడిపే ఏర్పాటు ఉంది. ముందు లైసెన్సు చూపాలి. తర్వాత జాగ్రత్తలు వినాలి. తలకు హెల్మెట్ పెట్టుకోవాలి. పక్క సీటులో శిక్షకుడు కూర్చుంటాడు. బాట అంచుల్లో అక్కడక్కడ రంగు కోన్లు పెట్టి ఉంటాయి. ఎక్కడ బ్రేకు వేయాలో, ఎక్కడ స్టీరింగు తిప్పాలో, మలుపు లోపలి అంచుకు ఎక్కడ చేరువ కావాలో అవి చెబుతాయి. చూడటానికి ఆటబొమ్మల్లా ఉంటాయి గాని, వాటి వెనుక ఉన్నది మీ భౌతికశాస్త్ర పుస్తకమే.

ఇంజను గొప్పదా, బ్రేకు గొప్పదా?

ఒక కారును ఉదాహరణగా తీసుకుందాం. ఫెరారీ కంపెనీ 2009లో బయటికి తెచ్చిన '458 ఇటాలియా'లో ఇంజను ముందువైపు ఉండదు. డ్రైవరు వీపు వెనుక, వెనుక చక్రాలకు కాస్త ముందు ఉంటుంది. దాని శక్తి 570 హార్స్‌పవర్. కంపెనీ లెక్క ప్రకారం ఈ కారు నిలిచి ఉన్న స్థితి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 3.4 సెకన్లలో అందుకుంటుంది. అదే వేగం నుంచి 32.5 మీటర్ల దూరంలో ఆగిపోతుంది.

గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు 27.8 మీటర్లు. దీన్ని 3.4తో భాగిస్తే త్వరణం సుమారు 8.2 వస్తుంది. ఇక ఆగడం సంగతి. వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో, అంటే 65తో భాగించండి. సుమారు 11.9 వస్తుంది. గురుత్వ త్వరణం 9.8 అని మీకు తెలుసు గదా! అంటే ఈ కారు పరుగు అందుకునేటప్పటికంటే ఆగేటప్పుడే ఎక్కువ బలం పనిచేస్తోంది. ఇంజను వెనుక రెండు చక్రాలనే తిప్పుతుంది. బ్రేకులు నాలుగు చక్రాలనూ పట్టుకుంటాయి. ముఖ్యమైన తేడా అదే.

బ్రేకు వేసినప్పుడు కారు గతిజ శక్తి ఏమవుతుంది? ఉష్ణంగా మారుతుంది. ఇద్దరు మనుషులతో కలిపి కారు ద్రవ్యరాశి 1,650 కిలోగ్రాములు అనుకుందాం. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో దాని గతిజ శక్తి సుమారు 25 లక్షల జౌళ్లు. వేగం 100కి దిగితే శక్తి సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. మిగతా 19 లక్షల జౌళ్లు రెండున్నర సెకన్లలో వదిలిపోవాలి. అందులో కొంత గాలికి పోయినా, ఎక్కువ భాగం బ్రేకు పళ్లాలకే చేరుతుంది. 30 డిగ్రీల దగ్గరున్న ఆరు లీటర్ల నీటిని మరిగించడానికి ఆ 19 లక్షల జౌళ్లు చాలు! అందుకే ఇలాంటి కార్లలో ఇనుప పళ్లాలకు బదులు కార్బన్ పోగులు కలిపిన సిరామిక్ పళ్లాలు వాడతారు. చివరి చుట్టు నెమ్మదిగా నడిపించేది కూడా బ్రేకులు గాలికి చల్లబడటానికే.

నాలుగు అరచేతులంత నేల

ఇప్పుడు మలుపులోకి వద్దాం. బస్సు కుడివైపు తిరిగినప్పుడు మీరు ఎడమవైపు ఒరుగుతారు. మిమ్మల్ని ఎవరో బయటికి నెట్టినట్లు అనిపిస్తుంది. నిజానికి నేల మీద నిలబడి చూసేవారికి అక్కడ నెట్టేవారెవరూ కనిపించరు. జడత్వం వల్ల మీ శరీరం తిన్నగా పోవాలని చూస్తుంది. బస్సు మాత్రం మీ కిందినుంచి పక్కకు తిరుగుతుంది. అంతే! కారు కూడా తనంతట తాను తిరగదు. వృత్త మార్గంలో పోవాలంటే దాన్ని కేంద్రంవైపు లాగే బలం కావాలి. దాని పేరు అభికేంద్ర బలం. తాడు కట్టి రాయిని తిప్పితే ఆ బలం తాడునుంచి వస్తుంది. మరి కారుకు తాడేది?

టైరుకూ బాటకూ మధ్యనున్న ఘర్షణే ఆ తాడు. ఒక్కో టైరు నేలను తాకే చోటు ఇంచుమించు మన అరచేయంత ఉంటుంది. నాలుగు అరచేతులంత రబ్బరు ఆ కారునూ, లోపలి ఇద్దరినీ పట్టి ఉంచుతోందన్నమాట.

ఈ తాడు బలం ఎంత? కారు బరువును ఘర్షణ గుణకంతో గుణిస్తే వస్తుంది. కావలసిన అభికేంద్ర బలమో, ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, మలుపు వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. రెండింటినీ సమానం చేయండి. రెండువైపులా ద్రవ్యరాశి ఉంది కనుక అది కొట్టుడుపోతుంది. మిగిలేది ఇది: గరిష్ఠ వేగం వర్గం = ఘర్షణ గుణకం × 9.8 × వ్యాసార్ధం. ఇందులో ఇంజను శక్తి ఎక్కడైనా కనిపించిందా? కారు ధర కనిపించిందా? లేదు!

మీరే చేసి చూడండి

ఒక చెక్క పలక, ఒక రబ్బరు, ఒక స్కేలు తీసుకోండి. పలక మీద రబ్బరును పెట్టి ఒక చివరను నెమ్మదిగా ఎత్తండి. రబ్బరు జారడం మొదలుపెట్టగానే ఆపండి. పలక చివర ఎంత ఎత్తు లేచిందో కొలవండి. ఆ చివరకు నిట్టనిలువుగా కింద ఉన్న చోటునుంచి పలక రెండో చివర వరకు నేలమీద దూరం కొలవండి. ఎత్తును ఈ దూరంతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకం. రెండూ సమానమైతే, అంటే పలక 45 డిగ్రీలు వాలితే, గుణకం 1.

తర్వాత రబ్బరు మీద రూపాయి నాణెం పెట్టి మళ్లీ చేయండి. బరువు పెరిగినా ఇంచుమించు అదే కోణంలో జారుతుంది. ద్రవ్యరాశి కొట్టుడుపోవడం అంటే ఇదే. ఇప్పుడు పలక మీద కొంచెం ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. ఎంత తొందరగా జారిందో చూశారా? రోడ్డుమీద ఇసుక, నూనె చేసే పని అదే. పొడి బాటమీద మంచి టైర్లకు గుణకం 1 వరకు, కొన్ని ప్రత్యేకమైన టైర్లకు అంతకు మించి కూడా ఉంటుంది. మెత్తటి రబ్బరు బాటలోని గరుకులోకి ఒదిగి పట్టుకోవడమే అందుకు కారణం.

బయట, లోపల, బయట

ఒక బాట 12 మీటర్ల వెడల్పుంది. తిన్నగా వచ్చి, లంబకోణంలో తిరిగి, మళ్లీ తిన్నగా పోతుంది. మలుపు లోపలి అంచు వ్యాసార్ధం 30 మీటర్లు, బయటి అంచుది 42 మీటర్లు. కారు సరిగ్గా మధ్యన పోతే వ్యాసార్ధం 36 మీటర్లు. గుణకం 1 అనుకుంటే గరిష్ఠ వేగం సెకనుకు 18.8 మీటర్లు, అంటే గంటకు 68 కిలోమీటర్లు.

శిక్షకుడు మధ్యన పోనివ్వడు. మలుపుకు ముందు బయటి అంచుకు రమ్మంటాడు. మలుపు నడుమ లోపలి అంచును ఒరుసుకునేటట్లు పోయి, తర్వాత మళ్లీ బయటి అంచుకు వెళ్లమంటాడు. ఇలా పోతే కారు గీసే చాపం పెద్దదవుతుంది. కారు వెడల్పు 2 మీటర్లు తీసివేసి జ్యామితి ప్రకారం లెక్క కడితే వ్యాసార్ధం 65 మీటర్లు వస్తుంది. గరిష్ఠ వేగం 91 కిలోమీటర్లు! ఇంజనుకు ఒక్క హార్స్‌పవర్ కలపకుండా, టైరు మార్చకుండా, కేవలం దారి మార్చి 23 కిలోమీటర్లు సంపాదించాం. ఆ కోన్ల రహస్యం ఇదే. నమ్మకం కుదరకపోతే గ్రాఫు కాగితంమీద వృత్తలేఖినితో గీసి చూడండి.

ఉన్నదాన్ని పంచుకోవాలి

టైరుకు ఉన్న పట్టు ఒకటే. దాన్ని బ్రేకు వేయడానికి వాడవచ్చు, మలుపు తిరగడానికి వాడవచ్చు. రెండింటికీ ఒకేసారి పూర్తిగా వాడలేం. ఒకటి పొడవు వెంబడి, మరొకటి అడ్డంగా పనిచేస్తాయి కనుక ఇక్కడ పైథాగరస్ సిద్ధాంతం పనికివస్తుంది. మొత్తం పట్టు 10 అనుకోండి. బ్రేకుకు 6 ఖర్చు చేస్తే మలుపుకు 8 మిగులుతుంది. బ్రేకుకే 10 ఖర్చు చేస్తే మలుపుకు మిగిలేది సున్న. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది.

అందుకే "తిన్నని బాటలోనే బ్రేకు వేయి, తర్వాత తిప్పు, స్టీరింగు తిన్నబడే కొద్దీ యాక్సిలరేటరు నొక్కు" అని శిక్షకుడు నేర్పుతాడు. మలుపు నడుమ భయపడి యాక్సిలరేటరు నుంచి కాలు చటుక్కున తీసినా ప్రమాదమే. బరువు ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. వెనుక చక్రాల పట్టు తగ్గి కారు బొంగరంలా తిరిగిపోవచ్చు.

ఈ కారు ఇంత పొట్టిగా ఎందుకుంటుందో కూడా ఇప్పుడు చెప్పవచ్చు. 458 ఎత్తు 1.21 మీటర్లే, వెడల్పు 1.94 మీటర్లు. గురుత్వ కేంద్రం నేలకు దగ్గరగా ఉంటే బరువు ఒకవైపునుంచి మరోవైపు ఒరగడం తగ్గుతుంది. బోల్తా పడే భయమూ తక్కువ. నిలువుగా, సన్నగా ఉండే ఆటో మలుపులో ఎందుకు లేవబోతుందో ఆలోచించండి. గాలిని కూడా సాయానికి పిలుస్తారు. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో గాలి ఈ కారును 140 కిలోగ్రాముల బరువు పెట్టినట్లు కిందికి అదుముతుందని కంపెనీ లెక్క. ఇక్కడ ద్రవ్యరాశి పెరగకుండానే టైరుమీద బరువు పెరిగింది కనుక, ఆ మేరకు పట్టు లాభమే.

బాట వేరు, రోడ్డు వేరు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పందెం జరిగింది. మామూలుగా బస్సులు, స్కూటర్లు తిరిగే రోడ్లే ఆ రోజు పందెం బాట అయ్యాయి. అయితే ఆ మార్పు ఊరికే రాలేదు. ఇరువైపులా అడ్డుగోడలు కట్టారు. మామూలు వాహనాలను ఆపారు. ఎదురుగా ఎవరూ రారని ప్రతి డ్రైవరుకూ తెలుసు. మర్నాడు మీ అన్నయ్య అదే రోడ్డుమీద మోటారు సైకిలు నడిపితే ఈ హామీలు ఏవీ ఉండవు. ఘర్షణ నియమం ఒక్కటే మిగులుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు ఒక పిల్లవాడు రోడ్డుమీదికి పరుగెత్తుకు వచ్చాడనుకోండి. చూసి, కాలు బ్రేకుమీదికి చేరేలోగా ఒక సెకను గడిస్తే, ఆ సెకనులోనే వాహనం 17 మీటర్లు పోతుంది. తర్వాత పొడి రోడ్డుమీద, గుణకం 0.7 అయితే, ఆగడానికి మరో 20 మీటర్లు. మొత్తం 37. వానకు తడిసి గుణకం 0.4కు పడిపోతే మొత్తం 52. మనం చెప్పుకున్న ఫెరారీ అయితే బ్రేకు వేశాక 12 మీటర్లలో ఆగవచ్చు. కాని మొదటి 17 మీటర్లను అది కూడా తగ్గించలేదు. అవి మనిషి కన్ను, మెదడు, కాలు తీసుకునే మీటర్లు. వేగం 60 నుంచి 80కి పెరిగితే పొడి రోడ్డుమీదనే మొత్తం 58 మీటర్లవుతుంది. వేగం మూడో వంతు పెరిగింది. దూరం సగానికి పైగా పెరిగింది!

పందెం బాటమీద శిక్షకుడు పదేపదే చెప్పే మాట ఒకటుంది: "దూరంగా చూడు." కన్ను ముందుగా చూస్తే కాలు ముందుగా కదులుతుంది. ఈ మాటకు సూపర్‌కారు అక్కరలేదు. సైకిలు తొక్కే మీకూ అది పనికివస్తుంది. ఈసారి వానలో బడికి వెళ్లేటప్పుడు, మలుపు రాకముందే బ్రేకు వేయండి, మలుపులో కాదు. ఎందుకో మీ స్నేహితుడు అడిగితే 6, 8, 10 లెక్క చెప్పండి.