పులస గెలిచిందా, రొయ్య గెలిచిందా?

కలకత్తాలో ఫుట్‌బాల్ పోటీ ఫలితం చేపల బజారులో తెలుస్తుందంటారు. ఈస్ట్ బెంగాల్ జట్టు గెలిస్తే దాని అభిమానుల ఇళ్ళలో ఇలిష్ కూర వండుతారు. గోదావరి జిల్లాలవారు పులస అని పిలుచుకునే చేపే అది. మోహన్ బగాన్ గెలిస్తే అవతలి పక్షం ఇళ్ళలో రొయ్యల కూర!

ఈ పంతం ఈనాటిది కాదు. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1911 జూలై 29న షీల్డు ఫైనల్లో తెల్లసిపాయిల జట్టును 2-1 గోల్స్‌తో ఓడించింది. మనవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ వట్టి కాళ్ళతోనే ఆడారు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920లో ఏర్పడింది. 1947లో దేశం చీలినప్పుడు తూర్పు బెంగాల్ నుంచి లక్షలాదిమంది ఇల్లూ వాకిలీ వదిలి వచ్చారు. కొత్తచోట తమదని చెప్పుకోవడానికి వారికి ఈ ఎరుపు, పసుపు జెండా దొరికింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1961లో ఈ జట్టుకు కెప్టెన్. ఆట మానాక బెంగాల్‌లోనే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశారు.

అభిమానం ప్రాణాలు తీసిన రోజూ ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్లూ తలపడ్డాయి. రెండు పక్షాల అభిమానులనూ ఒకే గ్యాలరీలో కూర్చోబెట్టారు. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ళ తగాదా గ్యాలరీకి పాకింది. కొట్లాట, తొక్కిసలాటల్లో 16 మంది చనిపోయారు. వారి జ్ఞాపకార్థం ఆగస్టు 16న రక్తదాన శిబిరాలు నిర్వహిస్తున్నారు.

ఇటీవలి కాలంలో అభిమానులు సంఘాలుగా ఏర్పడ్డారు. ఈస్ట్ బెంగాల్ అల్ట్రాస్, మెరైనర్స్ బేస్ క్యాంప్ వాటిలో పేరున్నవి. డప్పులు, పాటలు, గ్యాలరీని కప్పేసే పెద్ద గుడ్డ బొమ్మలు వీరి ప్రత్యేకత. 2020 జనవరిలో పౌరసత్వ పత్రాల వివాదం నడుస్తుండగా, ఈ నేలను కాగితాలతో కాదు, రక్తం ధారపోసి సంపాదించుకున్నామని ఈస్ట్ బెంగాల్ అభిమానులు స్టేడియంలోనే బ్యానర్ ఎత్తారు. కాందిశీకుల బిడ్డల మాట అది.

2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి. కర్ ఆస్పత్రిలో ఒక యువ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. నగరమంతా అట్టుడికింది. ఆగస్టు 18న సాల్ట్ లేక్ స్టేడియంలో జరగవలసిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పోటీని భద్రతా కారణాలు చెప్పి రద్దుచేశారు. ఆట లేకపోయినా అభిమానులు వచ్చారు. మూడో పెద్ద క్లబ్బయిన మహమ్మదన్ స్పోర్టింగ్ వారూ కలిశారు. వానలో తడుస్తూ న్యాయం కావాలని నినదించారు. ఆటకు చాలని పోలీసులు మమ్మల్ని ఆపడానికి ఎక్కణ్ణుంచి వచ్చారని నిలదీశారు. లాఠీలు లేచినా కదలలేదు. ఈస్ట్ బెంగాల్ చొక్కా తొడుక్కున్న కుర్రాణ్ణి మోహన్ బగాన్ అభిమాని భుజాన ఎక్కించుకున్నాడు.

1980లో ఒకరినొకరు తొక్కుకున్నదీ ఈ రెండు పక్షాలవారే. ఆ పంతం ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఊరికి కష్టం వచ్చిన రోజున, జనాన్ని పోగుచేసే బలం తమకుందని వారు చూపించారు.