తెరపై చెదరిన తెలుగు

ఇంగ్లీషు పత్రమును ఒక ప్రోగ్రాము నుండి మరియొక ప్రోగ్రాములోనికి తరలించినప్పుడు అంచులు కదలును, పట్టికలు చెదరును. అక్షరము మాత్రము నిలుచును. తెలుగు పత్రముల గతి అది కాదు. ఇబ్రహీంపట్నము దరి మన్నెగూడలో ఒక తెలుగు పండితుడు ఇరువది యేండ్ల క్రిందట డి.టి.పి. చేయించిన వ్యాకరణ పాఠములను నేడు వర్డులో తెరచినాడనుకొందము. అందు కనబడునవి సంధులు, సమాసములు కావు. డాలరు గుర్తులును, నెత్తిన టోపీలు పెట్టుకొన్న ఐరోపా అక్షరములును!

ఫైలు చెడినదని పలువురు దానిని పారవేయుదురు. అది చెడలేదు. ఆ కాలపు ఫాంటునకు 256 గళ్లే కలవు. అవియు ఇంగ్లీషునకై ఏర్పడినవి. వానిలోనే మనవారు తలకట్టును, కొమ్మును, వత్తులను, గుడితో కూడిన హల్లులను ముక్కలు ముక్కలుగా సర్దిరి. అచ్చుకూటములో కంపోజిటరు సీసపు అక్షరములను పేర్చిన తీరే ఇది. కాగితముపై ఫలితము ముచ్చటగా ఉండెను; ఆనాడు కావలసినదియు అంతే గదా. కాని ఫైలులో దాగియున్నది తెలుగు 'క' కాదు, ఒక గడి సంఖ్య. ఆ గడిలోని బొమ్మ అను ఫాంటులో ఒకటి, శ్రీలిపిలో వేరొకటి.

1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు లభించినవి. అందు సంఖ్య ఆకారమునకు గాక అక్షరమునకు చెందును. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి, ఈ పద్ధతి మన యిండ్లకు చేరెను.

'స్త్రీ' అను మాటను చూడుడు. యూనికోడులో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి: ఉచ్చారణ క్రమమున ఆరు సంకేతములు. పాత ఫైలులో కంటికి కనబడు ఆకారములే ఉండును; 'సీ' ఒక ముక్క, వత్తులు వేరు ముక్కలు. మార్పిడి సాధనము ఆ గుడిని 'స' నుండి ఊడదీసి, వత్తులను దాటించి, చివరకు చేర్చవలెను. గుణింతము చెప్పు ఉపాధ్యాయునికి ఈ తర్కము కొత్త కాదు. పత్రికల ఫాంట్లను ఇట్లు మార్చుటకై నాగార్జున వెన్న 'పద్మ' అను సాధనమును రచించెను. ఫైర్‌ఫాక్సులో దానిని వాడినవారు నేటికిని తలచుకొందురు.

ఇచట ఒక చిక్కు కలదు. ఫైలులోని ఇంగ్లీషు మాటలకును ఆ గళ్లే ఆధారము. కనుక ఫాంటు పేర్లు నిలుచు రూపములోనే పత్రమును వెలికి తీయవలెను. ఉత్త పాఠముగా భద్రపరచినచో ఏది తెలుగో, ఏది ఇంగ్లీషో యంత్రమునకు తెలియదు, 'క్లాస్' అన్న మాట కూడ తెలుగు ముక్కల కుప్పయగును. ఆపై పాత అచ్చు ప్రతిని ప్రక్కన పెట్టుకొని దిద్దుట తప్పదు. ముఖ్యముగా ఱ, అరసున్న, అంకెలు. వ్యాకరణ పాఠమును యంత్రమునకే వదలుట నాకు సమ్మతము కాదు.

ఆలస్యము మాత్రము కూడదు. పేజ్‌మేకరు చివరి కూర్పు 2001లో వెలువడిన ఏడవది. దానిని తెరవగల కంప్యూటర్లు తరుగుచున్నవి. పాఠశాల సంచికలు, ఊరి చరిత్రలు, శతక వ్యాఖ్యలు ఎన్నో ఆ ఫైళ్లలోనే ఉన్నవి. విద్యార్థి ఎంత వెదకినను ఒక్క మాటయు దొరకదు. మార్పిడి ముగిసినను పాత ఫైలును చెరపవద్దు. దాని పేరు ప్రక్కనే ఫాంటు పేరు, కూర్పు సంఖ్య వ్రాసి, ఆ ఫాంటును కూడ అదే సంచయములో ఉంచుడు.