పగడాల తొట్టెలో నాచు: మేసేవాళ్లు ఉన్నారా?

కొత్తగా పెట్టిన పగడాల అక్వేరియంలో కొన్ని నెలలకే రాళ్లన్నీ పచ్చటి జుట్టు కప్పుకుంటాయి. కంగారుగా నీళ్లు పరీక్షిస్తే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా అని వస్తుంది. ఎరువే లేనప్పుడు ఇంత నాచు ఎక్కడిది? నీళ్లలో చేరింది చేరినట్టే నాచు పీల్చేసుకుంటోంది, మిగిలిన కాస్తే కిట్‌కు దొరుకుతోంది. అందుకే రాళ్ల మీద జుట్టు ఉన్నంతకాలం ఆ సున్నాను నమ్మకూడదు.

ఎక్కువమంది తప్పంతా ఎరువు మీదే వేస్తారు. అది సగం నిజమే. మిగతా సగం జమైకా తీరంలో కనిపిస్తుంది. 1983లో పనామా దగ్గర మొదలైన ఒక జబ్బు ఏడాది తిరిగేసరికి కరీబియన్ సముద్రమంతా పాకి, డయాడెమా అనే సీ అర్చిన్లను నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టింది. ఒళ్లంతా పొడవాటి ముళ్లుండే ఈ నల్లటి ప్రాణులు రాత్రిళ్లు రాళ్లను గీకి నాచు తింటాయి. జమైకాలో నాచు తినే చేపలను అప్పటికే వేటాడి వేటాడి కరువు చేశారు. 1980లో వచ్చిన అలెన్ తుపాను పగడాలను విరగ్గొట్టింది. ఆఖరికి అర్చిన్లూ పోవడంతో గొర్రెలు వదిలేసిన బీడులా పగడపు దిబ్బలన్నీ నాచుతో నిండిపోయాయి. 1970ల చివర్లో సుమారు సగం మేర ఉన్న పగడాలు 1990ల మొదటికి 5 శాతం కన్నా తక్కువకు పడిపోయాయి.

ఇంట్లో తొట్టెకూ ఇదే లెక్క. రాతిని గీకే నోళ్లు లేకపోతే కొద్దిపాటి ఎరువుకే నాచు గెలుస్తుంది. అయితే ఏపుగా పెరిగిన నాచును నత్తలు పెద్దగా ముట్టవు, వాటికి లేతది కావాలి. కాబట్టి ముందు మన చేతులే పనిచేయాలి. బయటికి తీయగలిగిన రాయిని తొట్టె నీళ్లే పోసిన బకెట్‌లో ముంచి, నాచును వేళ్లతో కుదుళ్లతో సహా పీకి, మిగిలినదాన్ని టూత్‌బ్రష్‌తో రుద్ది, అదే బకెట్‌లో జాడించి తిరిగి పెట్టండి. కదపలేని రాళ్ల దగ్గర, పీకుతూనే పైపుతో ఆ ముక్కలను బయటికి లాగేయాలి. అలా బోడి చేసిన రాతి మీదికి టర్బో, ట్రోకస్ నత్తలను వదిలితే మళ్లీ మొలిచే లేత నాచును అవి చూసుకుంటాయి. ఎల్లో టాంగ్ చేప కూడా బాగా మేస్తుంది కానీ, దానికి ఈదేందుకు పెద్ద తొట్టె కావాలి. నాచు కోసమని చిన్న తొట్టెలో దాన్ని కుక్కడం అన్యాయం.

ఇక ఎరువు సంగతి. పోసే నీళ్లు ఆర్‌ఓ, డీఐ ఫిల్టర్ దాటి రావాలి, టీడీఎస్ మీటర్ సున్నా చూపాలి. గడ్డకట్టిన మేతను కరిగించి, ఆ నీళ్లు వంపేసి వేయాలి. అలాగని నైట్రేట్, ఫాస్ఫేట్‌లను నిజంగానే సున్నాకు దించాలని మందుల మీద మందులు పోయకండి. పగడాలకూ అవి కొద్దిగా కావాలి. పైగా అలా పస్తు పెట్టిన తొట్టెల్లోనే డైనోఫ్లాజెల్లేట్లు విజృంభిస్తుంటాయి. గోధుమ రంగు జిగురు దారాలు, కొసల్లో గాలి బుడగలు, తిన్న నత్తలు చచ్చిపోవడం వాటి గుర్తులు. వాటికి ఎరువు తగ్గించడం కాదు, కాస్త పెంచడమే వైద్యం. ఇసుక మీద పరుచుకునే ఎర్రటి జిగురు పొర అయితే అసలు నాచే కాదు, సయనోబాక్టీరియా. వచ్చిందేమిటో తెలియకుండా మందు సీసా మూత తీయొద్దు.

ఈ మాటలు ముఖ్యంగా విదేశాల్లో ఇలాంటి తొట్టెలు పెంచుకునే మనవాళ్ల కోసం. భారతదేశంలో రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, సముద్రం నుంచి వాటిని తేవడం నేరం.

ఏ మార్పయినా ఒక్కటే చేసి, కనీసం నాలుగు వారాలు ఆగి చూడండి. ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనిచేసిందో, ఏది పగడాన్ని చంపిందో తెలియదు.