పిల్లికి మధుమేహం: పళ్లెంలోనే సగం వైద్యం

ఇంటి పిల్లికి మధుమేహం ఉందని పశువైద్యుడు చెప్పినప్పుడు చాలా కుటుంబాలు మొదట నమ్మవు. చక్కెర వ్యాధి మనుషులకే వస్తుందని మన తలంపు. కాని నడివయసు దాటి, ఇంటిపట్టునే ఉంటూ, బరువు పెరిగిన పిల్లుల్లో ఇది అరుదేమీ కాదు. సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన మగ పిల్లులకు ఈ ముప్పు మరింత ఎక్కువ. చర్మవ్యాధికో ఉబ్బసానికో వాడే స్టెరాయిడ్ మందులు కూడా దీనికి దారి తీయవచ్చు.

పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, దానంతట అది వెదుక్కుని తినే వీలూ ఇవ్వక చంపిన స్త్రీకి ఏ గతి పట్టిందో హదీసు పాఠాల్లో మేము విద్యార్థులకు బోధిస్తూ ఉంటాము. నాలుగు గోడల మధ్య పెరిగే పిల్లి కూడా ఆకలివేస్తే మన చేతినే చూస్తుంది. ఏమి పెట్టాలో, ఎంత పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నిర్ణయించేది మనమే. మధుమేహం వచ్చిన పిల్లికి ఆ నిర్ణయమే ప్రాణాధారం.

గుర్తించడం ఎలా?

పిల్లి పదేపదే నీళ్లు తాగడం, ఇసుక పెట్టె మాటిమాటికీ తడిసి ముద్దకావడం, ఆకలి బాగానే ఉన్నా ఒళ్లు తగ్గిపోవడం మొదటి గుర్తులు. వ్యాధి ముదిరితే వెనుక కాళ్ల నరాలు దెబ్బతిని, మునివేళ్లపై నడవవలసిన పిల్లి మడమలు నేలకు ఆనించి నడుస్తుంది. ఇంకా అశ్రద్ధ చేస్తే రక్తంలో కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

పరీక్షలో ఒక చిక్కు ఉంది. ఆరోగ్యవంతమైన పిల్లి రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 70 నుండి 150 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆసుపత్రికి తెచ్చిన భయానికే అది ఒక్కోసారి 300 దాటవచ్చు. అందుకే వైద్యులు మూత్రాన్ని, గత కొద్ది వారాల సగటును తెలిపే ఫ్రక్టోసమైన్‌ను కూడా పరీక్షిస్తారు.

పళ్లెంలో ఏముండాలి?

పిల్లి పుట్టుకతో మాంసాహారి. తనకు కావలసిన చక్కెరను చాలావరకు మాంసకృత్తుల నుండే తయారుచేసుకుంటుంది. పిండిపదార్థాలను వినియోగించుకునే శక్తి దానికి తక్కువ. మనమేమో ప్రేమతో పాలన్నం, పెరుగన్నం, బిస్కెట్లు పెడుతుంటాము. దుకాణాల్లో దొరికే పొడి గుళికల్లోనూ పిండి గణనీయంగా ఉంటుంది. మధుమేహం ఉన్న పిల్లికి మాంసకృత్తులు ఎక్కువగా, పిండి తక్కువగా ఉన్న తడి ఆహారం మేలు. ఆహారం నుండి లభించే మొత్తం శక్తిలో పిండిపదార్థాల వాటా సుమారు 12 శాతానికి మించకుండా చూడమని పశువైద్యులు చెబుతారు.

ఆహారం ఎంత పని చేస్తుందో 2006లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. మధుమేహం ఉన్న 63 పిల్లులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పిండి, పీచు తక్కువగా ఉన్న ఆహారం, రెండవ జట్టుకు పిండి మధ్యస్థంగా, పీచు ఎక్కువగా ఉన్న ఆహారం ఇచ్చారు. 16 వారాల తరువాత మొదటి జట్టులో 68 శాతం, రెండవ జట్టులో 41 శాతం పిల్లులు ఇన్సులిన్ అవసరం లేని స్థితికి చేరాయి.

అయితే ఉడికించిన కోడిమాంసం ఒక్కటే పెడితే సరిపోదు. అందులో కాల్షియం చాలదు. పిల్లికి అత్యవసరమైన టౌరిన్ ఉడికించిన నీళ్లలోకి దిగిపోతుంది. టౌరిన్ లోపిస్తే గుండె, చూపు దెబ్బతింటాయి. మన బిర్యానీ ముక్కలు, ఖీమా అసలే వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను నాశనం చేస్తాయి. లావుగా ఉందని పస్తు పెట్టడమూ ప్రమాదమే. రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని పిల్లి చనిపోవచ్చు. బరువు వారానికి ఒక శాతం చొప్పున మెల్లగా తగ్గాలి.

తిండి, సూది ఒకే త్రాసులో

ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి వైద్యునికి చెప్పకుండా ఆహారం మార్చరాదు. పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది. పాత మోతాదే కొనసాగిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. త్రాసులో ఒక పళ్లెం కదిలితే రెండవది కదలకుండా ఉండదు.

సాధారణంగా ఇన్సులిన్‌ను 12 గంటలకొకసారి, భోజన వేళకు ఇస్తారు. రమజానులో ఇంటి వేళలన్నీ మారిపోతాయి. సహరీ, ఇఫ్తార్ హడావుడిలో పిల్లి వేళ తప్పరాదు. ఉపవాసం మనది, దానిది కాదు. పిల్లి తినకపోయినా, వాంతి చేసుకున్నా, మోతాదు గురించి వైద్యుని అడిగిన తరువాతే సూది వేయాలి.

సిరంజి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మందుల దుకాణాల్లో 40 యూనిట్ల సిరంజి, 100 యూనిట్ల సిరంజి రెండూ దొరుకుతాయి. 100 యూనిట్ల గ్లార్జిన్ మందును 40 యూనిట్ల సిరంజిలో ఒకటి అన్న గీత వరకు తీస్తే, ఒక యూనిట్‌కు బదులు రెండున్నర యూనిట్లు ఎక్కుతుంది. సీసాపై ఉన్న సంఖ్య, సిరంజిపై ఉన్న సంఖ్య ఒకటేనా అని ప్రతిసారీ చూడాలి.

మన ఇళ్లలో మరో సందేహం తలెత్తుతుంది. పశువుల కోసం తయారయ్యే ఇన్సులిన్‌లలో కొన్ని పంది క్లోమం నుండి తీసినవే. గ్లార్జిన్ అటువంటిది కాదు. దానిని బ్యాక్టీరియా సాయంతో తయారుచేస్తారు. సందేహం ఉన్నవారు వైద్యునికి ముందే చెబితే, తగిన మందు సూచిస్తారు. ఈ సాకుతో వైద్యం మానవలసిన అవసరం లేదు. డబ్బా ఆహారం కొనేటప్పుడు కూడా అందులో ఏ మాంసం ఉందో చదివి తీసుకోవచ్చు.

చక్కెర పడిపోతే

చక్కెర 60 కంటే దిగువకు పడితే ప్రమాదం. పిల్లి తూలుతుంది, వణుకుతుంది, మూర్ఛపోతుంది. మెలకువలో ఉండి తినగలిగితే వెంటనే ఆహారం పెట్టాలి. తినలేకపోతే తేనె గాని, గ్లూకోజు పాకం గాని చిగుళ్లకు రాసి, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్పృహలేని పిల్లి నోట్లో ద్రవం పోయరాదు. ఇంట్లో చెవి అంచు నుండి రక్తపు చుక్క తీసి గ్లూకోమీటరుతో చూసుకోవడం నేర్చుకుంటే ఎంతో మేలు. మనుషుల మీటరు పిల్లి రక్తంలో చక్కెరను ఉన్నదానికంటే తక్కువగా చూపే అవకాశం ఉందని గుర్తుంచుకోవాలి. తేదీ, వేళ, తిన్న పరిమాణం, మోతాదు, చక్కెర అంకె ఒక నోటుపుస్తకంలో రాసి వైద్యునికి చూపాలి.

తొలినాళ్లలోనే శ్రద్ధ వహిస్తే కొన్ని పిల్లులు కొద్ది నెలల్లో ఇన్సులిన్ లేకుండానే జీవించే స్థితికి వస్తాయి. ఆ తరువాత కూడా పాలన్నం గిన్నె తిరిగి రాకూడదు. వ్యాధి మళ్లీ తలెత్తవచ్చు. రోజుకు రెండుసార్లు కొద్ది నిమిషాల శ్రమ, కొలిచి పెట్టిన తిండి, గడియారం మీద ఒక కన్ను ఉంటే చాలు. ఇంట్లో పిల్లలకు ఈ పనిలో భాగమివ్వండి. నోరులేని జీవి పట్ల బాధ్యత అంటే ఏమిటో వారు మన మాటలకంటే దాని పళ్లెం దగ్గరే బాగా నేర్చుకుంటారు.